పొలానికి పెట్టిన విచారణ టెక్నాలజీకీ పెట్టండి: ఆటోనగర్ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి గారికి, ఆ శాఖ కార్యదర్శి గారికి, జాతీయ రహదారుల సంస్థ అధికారులకు నమస్కారాలు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మా ఓనర్ గారికి పదకొండు లారీలున్నాయి. అవి కాక మా దగ్గర లోడు ఎత్తే సొంత బండి డ్రైవర్లు ఇంకో నలభై మంది దాకా ఉంటారు. గుంటూరు యార్డు నుంచి కలకత్తాకు మిర్చి బస్తాలు, కైకలూరు వైపు నుంచి హైదరాబాద్‌కు చేపలు, తిరుగు లోడు ఏది దొరికితే అది. ఈ బండ్ల ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) తేదీలు, ఇన్సూరెన్సులు, పర్మిట్లు, ఫాస్టాగ్ బ్యాలెన్సులు, చలానాలు అన్నీ నా టేబుల్ మీదుగానే పోతాయి. రాత్రి ఒంటిగంటకు ఏ టోల్ గేటు దగ్గర బండి ఆగినా ముందు మోగేది నా ఫోనే. ఈ లేఖ రాయడానికి నాకున్న అర్హత అంతే.

దేశమంతటా రోడ్లనూ వాహనాలనూ స్మార్ట్ చేయడానికి మీ శాఖ పెద్ద పెద్ద పనులు పెట్టుకుంది. గేటు లేకుండానే టోల్ కట్ అయ్యే పద్ధతి, హైవే పొడవునా కెమెరాలు, వేగం కొలిచే యంత్రాలు, దారిలో సమాచారం చూపించే బోర్డులు, లారీకీ బస్సుకూ తనంతట తానే పడే బ్రేకు, డ్రైవర్ కళ్లు మూతపడితే హెచ్చరించే పరికరం, ఒక బండి ఇంకో బండికి సిగ్నల్ పంపే ఏర్పాటు. వీటిలో ఏదీ నాకు ఇష్టం లేనిది కాదు. మా ఆఫీసు గోడ మీద ముగ్గురు డ్రైవర్ల ఫోటోలు దండలతో ఉన్నాయి. ఆ ముగ్గురిలో ఇద్దరు తెల్లవారుజామున, ముందు ఆగి ఉన్న బండిని గుద్ది పోయారు. ఆ రోజు ఆ బండ్లలో హెచ్చరించే పరికరం ఉంటే ఏమై ఉండేదో అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను.

నేను అడగాలనుకున్నది వేరు. ఇంత పెద్ద ఆలోచన చేసేటప్పుడు మమ్మల్ని ఎందుకు కూర్చోబెట్టి అడగరు?

ఫాస్టాగ్ సంగతి చెబుతాను. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల మీద అన్ని గేట్లలో అది తప్పనిసరి అయింది. ట్యాగ్ లేకపోయినా, ఉండి పనిచేయకపోయినా రెట్టింపు కట్టాలన్నారు. అప్పటివరకు మా డ్రైవర్లు జేబులో వేలకు వేలు డబ్బు పెట్టుకుని కలకత్తా దాకా వెళ్లేవాళ్లు. దారిలో ఆ డబ్బు గురించి వాళ్లకు భయం, రసీదులు పోతే లెక్క తేలక నాకు టెన్షన్. ట్యాగ్ వచ్చాక ఆ బాధ తీరింది. గేట్ల దగ్గర క్యూ తగ్గింది, డీజిల్ మిగిలింది. ఈ మేలును మేము మర్చిపోలేదు.

కానీ మొదటి రెండేళ్లు మేము పడ్డ అవస్థ కూడా మర్చిపోలేదు. లారీ చేతిలో ఉండేది డ్రైవర్‌కు, ట్యాగ్ ముడిపడి ఉండేది ఓనర్ ఫోన్ నంబరుకు. బ్యాలెన్స్ అయిపోయిందన్న మెసేజ్ ఇంగ్లీషులో ఓనర్ ఫోన్‌కు వస్తుంది, ఆయన నిద్రలో ఉంటాడు. అక్కడ గేటు దగ్గర డ్రైవర్‌ను పక్కకు ఆపి రెట్టింపు అడుగుతారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే ట్యాగ్ ఇంకా పాత ఓనర్ నంబరు మీదే ఉంటుంది. ముందు అద్దం పగిలితే ట్యాగ్ కూడా పోయినట్టే. కంకర లారీల వెనక తిరిగే బండ్లకు అద్దం పగలడం ఎంత మామూలు సంగతో ఆటోనగర్‌లో అద్దాలు బిగించే ఏ కుర్రాడైనా చెబుతాడు. కాజ గేటు దగ్గర నుంచి ఒక రాత్రి మా డ్రైవర్ బాబాయ్ ఫోన్ చేసి, "అమ్మాయ్, డబ్బులు ఉన్నాయి, ఫోన్‌లో కొట్టేస్తానంటే ఒప్పుకోవట్లేదు, రెట్టింపు నోట్లే ఇమ్మంటున్నారు" అన్నాడు. ఆయన గొంతులో ఉన్నది కోపం కాదు, అవమానం. ముప్పై ఏళ్లుగా ఆ రోడ్డు మీద తిరిగిన మనిషి ఆయన.

ట్యాగ్ పనిచేయనప్పుడు యూపీఐతో కడితే ఒకటింపావు రెట్లు చాలు, నగదు ఇస్తేనే రెట్టింపు అని మీరు నియమం మార్చారు. అది 2025 నవంబర్ 15 నుంచి అమల్లోకి వచ్చింది. మంచి మార్పు, సంతోషం. కానీ లెక్క చూడండి. తప్పనిసరి చేసిన రోజు నుంచి ఆ మార్పు వచ్చేసరికి నాలుగేళ్ల తొమ్మిది నెలలు పట్టింది. మా బాబాయ్ ఆ మాట మొదటి ఏడాదే గేటు దగ్గర నిలబడి చెప్పాడు. 2021కి ముందే ఒక్క పూట ఆటోనగర్‌కు వచ్చి పాతిక మంది డ్రైవర్లను కూర్చోబెట్టి అడిగి ఉంటే అద్దం సంగతి, పాత ఓనర్ నంబరు సంగతి, అర్ధరాత్రి మెసేజ్ సంగతి అన్నీ ఆ పూటే బయటపడేవి. వాళ్లకు కంప్యూటర్ రాకపోవచ్చు. పని ఎక్కడ చెడుతుందో మాత్రం వాళ్లకు ముందే తెలుసు.

చట్టంలో అడిగే పద్ధతి లేదని నేను అనడం లేదు. మా ఓనర్ గారి అబ్బాయి లా చదివాడు, అతను చూపించాడు. మోటారు వాహనాల చట్టం 212వ సెక్షన్ ప్రకారం ఏ నియమమైనా ముందు ముసాయిదాగా ప్రచురించాకే చేయాలి. గెజిట్‌లో ముసాయిదా వేస్తారు, సాధారణంగా 30 రోజులు గడువిస్తారు, అభ్యంతరాలు ఉంటే న్యూఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని రవాణా భవన్‌కు రాయమంటారు. ఆ గెజిట్ హిందీలో, ఇంగ్లీషులో ఉంటుంది. మా ఆటోనగర్‌లో వేల మంది మెకానిక్‌లు, డ్రైవర్లు, బాడీ కట్టేవాళ్లు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఇరవై రెండేళ్లలో గెజిట్ చదివి అభ్యంతరం పంపిన మనిషిని నేను ఒక్కరినీ చూడలేదు. నేనూ పంపలేదు. నాకే తెలియదు. 2014లో కేంద్ర ప్రభుత్వమే ఒక విధానం చేసుకుంది: చట్టాలు, నియమాలు చేసే ముందు కనీసం 30 రోజులు ప్రజల ముందు పెట్టాలని, ఏ వర్గం మీద ప్రభావం పడుతుందో ఆ వర్గానికి చేరేలా ప్రచారం చేయాలని అందులో ఉంది. మాకు చేరే చోట్లు చాలా ఉన్నాయి. టోల్ గేటు ఉంది, పెట్రోల్ బంకు ఉంది, ఎఫ్‌సీకి వెళ్లే రవాణా శాఖ ఆఫీసు ఉంది, గుంటూరు యార్డు కాటా ఉంది. అక్కడ ఎక్కడా ఒక ముసాయిదా తెలుగులో అంటించగా నేను చూడలేదు.

ఇదే ప్రభుత్వం ఇదే రోడ్డు కోసం భూమి తీసుకునేటప్పుడు ఎలా చేస్తుందో చూడండి. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం భూసేకరణ నోటిఫికేషన్ సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషది కావాలి. 21 రోజుల్లో రైతు అభ్యంతరం చెప్పుకోవచ్చు. అతని మాట స్వయంగా విని, ఒప్పుకుంటున్నదీ లేనిదీ అధికారి ఉత్తర్వు ఇవ్వాలి. పెద్ద రహదారి పనులకు పర్యావరణ అనుమతి కావాలంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు. కలెక్టర్ గారో ఆయన తరఫున పెద్ద అధికారో కూర్చుంటారు. 30 రోజుల ముందు పత్రికలో ప్రకటన ఉంటుంది, నివేదిక సారాంశం స్థానిక భాషలో దొరుకుతుంది, సభ మొత్తం వీడియో తీస్తారు. చివర్లో, ఎవరెవరు ఏమన్నారో రాసుకున్నది అక్కడ కూర్చున్నవాళ్లకు వాళ్ల భాషలోనే చదివి వినిపించాలి. ఈ పద్ధతుల్లోనూ లోపాలున్నాయి, రైతులకు కన్నీళ్లు మిగిలిన చోట్లూ ఉన్నాయి. అయినా, అడగాలన్న ఒక మర్యాద అందులో ఉంది.

చిన అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కృష్ణ దాటి కాజ దాకా వేసిన పడమటి బైపాస్‌కు పొలాలు ఇచ్చినవాళ్లకు ఆ నోటీసులు తెలుసు. అదే రోడ్డు మీద రేపు ఏ కెమెరా ఎక్కడ పెట్టాలి, అది ఏం రాసుకోవాలి, ఎంతకాలం దాచుకోవాలి, సమాచారం చూపే బోర్డు ఏ భాషలో వెలగాలి అన్న వాటికి మాత్రం నోటీసూ లేదు, సభా లేదు. మట్టికి, చెట్టుకు ఉన్న విచారణ యంత్రానికి లేకపోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. పొలం ఒకసారి పోతుంది. యంత్రం రోజూ మన మీద నిర్ణయం చేస్తూనే ఉంటుంది.

ఊరివాళ్లకు తెలిసిన సంగతి మీ ప్రణాళికకు ఎంత పనికొస్తుందో ఒక్క చోటు పేరు చెప్పి చూపిస్తాను. ఐతవరం. నందిగామ దాటాక హైదరాబాద్–విజయవాడ రహదారి మీద ఉంటుంది. 2023 జూలై చివర్లో మున్నేరు పొంగి అక్కడ హైవే మీదికి నీళ్లొచ్చాయి, రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబర్ 1న, బుడమేరు నీళ్లతో మా సింగ్ నగర్ మునిగిన ఆ రోజుల్లోనే, అదే ఐతవరం దగ్గర అదే రోడ్డు మళ్లీ మునిగింది. రెండోసారి మా బండ్లు రెండు ఐతవరానికి ఇవతల ఉన్న కీసర టోల్ గేటు దగ్గర చిక్కుకున్నాయి. ఒక దాంట్లో చేపల లోడు. ఐసు కరిగిపోతోందని డ్రైవర్ గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు, ఇక్కడ మా ఆఫీసులో మోకాళ్ల దాకా ఇళ్లలో నీళ్లున్నవాళ్లు పిల్లలతో సహా వచ్చి కూర్చున్నారు. అతనికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ముందు రోడ్డు ఉందో లేదో చెప్పేవాళ్లే లేరు.

హైదరాబాద్ వెళ్లే బండికి ఇంకో దారి ఉంది. గుంటూరు, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నార్కట్‌పల్లి మీదుగా పోవచ్చు. కానీ ఆ సంగతి కీసర గేటు దగ్గర తెలిస్తే ఏం లాభం? బెంజ్ సర్కిల్‌లోనో, వారధి ఎక్కే ముందో తెలియాలి. అక్కడ ఒక బోర్డు మీద "ఐతవరం వద్ద నీరు, గుంటూరు దారిలో వెళ్లండి" అని తెలుగులో, పక్కన హిందీలో వెలిగితే వందల బండ్లు మళ్లేవి. మీ స్మార్ట్ రోడ్డుతో నేను కోరుకునేది అదే. ఆ బోర్డు సరిగ్గా వెలగాలంటే మున్నేరు దగ్గర నీటి మట్టం కొలిచే పరికరం ఉండాలి. అది ఎక్కడ పెట్టాలో ఐతవరం రైతును అడగండి. ఖమ్మంలో ఏరు ఏ మెట్టు దాటితే ఎన్ని గంటలకు తమ ఊరి దగ్గర కాలవ ఎదురు తన్నుతుందో, ముందు ఏ కల్వర్టు మునుగుతుందో, రోడ్డుకు ఎడమ పక్క నీళ్లెక్కితే కుడి పక్క ఎంతసేపు బండ్లు పోవచ్చో అతను వేలు పెట్టి చూపిస్తాడు. ఆ జ్ఞానం ఢిల్లీలో టెండర్ రాసే కన్సల్టెంట్ దగ్గర ఉండదు. ఉండాలని ఆశించడం కూడా తప్పు.

ఇక డ్రైవర్ల సంగతి. పెద్ద బస్సుల్లో, లారీల్లో అత్యవసర బ్రేకు, నిద్రమత్తు హెచ్చరిక లాంటివి తప్పనిసరి చేసే ముసాయిదా 2025లో వచ్చిందని పేపర్లో చదివి, మా షెడ్డులో టీ తాగుతున్న వాళ్లకు చదివి వినిపించాను. వాళ్లు ఏమంటారోనని చూశాను. ఒక్కరూ వద్దనలేదు. ప్రశ్నలు మాత్రం గుక్క తిప్పుకోకుండా అడిగారు. ఒకతను ఇనుప కడ్డీల లోడు తోలతాడు. ఉన్నట్టుండి బ్రేకు పడితే కడ్డీలు క్యాబిన్‌లోకి దూసుకొస్తాయి, లోడు బరువు ఆ యంత్రానికి తెలుస్తుందా అన్నాడు. ఇంకొకతను నిడమానూరు దగ్గర రాంగ్ రూట్‌లో వచ్చే బైకుల గురించి అడిగాడు. రోజుకు ఇరవైసార్లు ఎదురొస్తారు, ప్రతిసారీ బ్రేకు పడితే వెనక ఆనుకుని వచ్చే ఆటో గతేంటి అని. మూడో అతను మొన్నే కొత్త బండి ఎక్కాడు. అద్దం మీద దుమ్ము పడితే కెమెరాకు కనిపించదని, పొగమంచులో ఊరికే మోగుతోందని, అందుకే చాలామంది దాని వైరు పీకేస్తారని చెప్పాడు. వైరు పీకేస్తారన్న సంగతి తెలియకుండా ఆ నియమం రాస్తే ఎంత ఖర్చు పెట్టినా లాభమేంటి?

అందరికంటే ఎక్కువగా నన్ను ఆలోచింపజేసింది బాబాయ్ మాట. "నాకు నిద్రొస్తుందని నాకు తెలుసమ్మా. దానికి యంత్రం ఎందుకు? బండి ఆపుకోడానికి చోటు చూపించమను" అన్నాడు. నిజమే. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అనేది. కలకత్తా లోడు తీసుకున్న ఏ డ్రైవర్‌కూ ఆ లెక్క కుదరదు. ఆ లెక్క కుదరకపోవడం మా ఆఫీసుల వల్ల కూడా, ఆ తప్పులో మా వాటా ఉంది. లోడు ఫలానా రోజుకు చేరాలని ఒత్తిడి పెట్టేది మేమే. కానీ ఆపుకుందామన్నా దీపం, నీళ్లు, దొంగల భయం లేని చోటు ఎక్కడుంది? రోడ్డు పక్కనే ఆపితే ఇంకో బండి వచ్చి గుద్దుతుంది. మా గోడ మీది ఫోటోల కథ అదే. నిద్రమత్తు పరికరం మోగిన తర్వాత పది కిలోమీటర్లలో బండి ఆపుకునే చోటు ఉండేలా రెండూ ఒకే ప్రణాళికలో రాయాలని ఆ పెద్దమనిషి ఒక్క వాక్యంలో చెప్పేశాడు. పైగా, ఆ పరికరం ఎన్నిసార్లు మోగిందో లెక్క ఓనర్‌కు వెళ్తే, ఆ లెక్క చూపించి డ్రైవర్‌ను పనిలోంచి తీసేస్తారేమోనని కుర్రవాళ్లకు భయం పట్టుకుంది. ఆ లెక్క ఎవరి చేతికి వెళ్లాలో నియమంలోనే తేల్చాలి. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారయ్యే లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు. ఎండాకాలం ఇంజిన్ వేడికి ఒళ్లు కాలిపోయే డ్రైవర్ బాధను మీరు విన్నారనడానికి అది సాక్ష్యం. మిగతా సంగతుల్లోనూ అలాగే వినమంటున్నాను.

లారీల వాళ్లనే పిలిస్తే సరిపోదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని మీ శాఖ నివేదికే చెప్పింది. అందులో 74,897 మంది టూవీలర్ల మీద పోయినవాళ్లు, 32,825 మంది నడుస్తూ పోయినవాళ్లు. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు. బండి బండితో సిగ్నల్ మాట్లాడుకునే రోజు వచ్చినా, రామవరప్పాడు రింగు దగ్గర కూరగాయల బుట్టతో రోడ్డు దాటే ఆవిడ దగ్గర ఏ సిగ్నలూ ఉండదు. ఎనికేపాడు దగ్గర కాలేజీ విడిచాక డివైడర్ ఎక్కి దూకే పిల్లల దగ్గరా ఉండదు. మిర్చి కోతల కాలంలో గుంటూరు చుట్టుపక్కల తెల్లవారకముందే ఆటోల్లో పది పన్నెండు మంది ఆడవాళ్లు కిక్కిరిసి పొలాలకు వెళ్తారు. ప్రజా రవాణా బండ్లకు ట్రాకింగ్ పరికరం, ప్యానిక్ బటన్ తప్పనిసరి చేసిన నియమంలో మూడు చక్రాల బండ్లను మినహాయించారు. అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్లు స్మార్ట్ ప్రణాళికకు బయటే ఉండిపోయారు. వాళ్లను పిలిచి అడిగితే బటన్ కావాలంటారో, ఉదయం నాలుగున్నరకు ఒక బస్సు కావాలంటారో నాకైతే తెలుసు. మీరు వాళ్ల నోటి నుంచే వినాలి.

కెమెరాల గురించి కొంచెం. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2021 ఆగస్టులో వచ్చిన 167ఏ నియమంలో ప్రజలకు మేలు చేసే మాటలు చాలా ఉన్నాయి. కెమెరా నిఘా ఉన్న చోటికి ముందే హెచ్చరిక బోర్డు కనిపించాలి, తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి, చలానా తేలేదాకా ఫోటో ఆధారం భద్రంగా ఉంచాలి. ఈ మూడూ నాకు తెలిసింది పోయినేడాది. అంతకుముందు మా బండి ఒకటి ఇంజిన్ విప్పి షెడ్డులో ఉండగా, ఎక్కడో వంద కిలోమీటర్ల అవతల అతివేగంగా వెళ్లిందని చలానా వచ్చింది. ఫోటోలో బండి మాది కాదు, నంబరులో ఒక అంకె తప్పు చదివారు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక మూడు ఆఫీసులు తిరిగాను, ప్రతి చోటా ఇది మా పని కాదన్నారు. నాలుగు నెలలకు తీరింది. ఆ నాలుగు నెలలూ బండికి ఎఫ్‌సీ ఆగుతుందేమోనని భయం. యంత్రం తప్పు చదవడం సహజం, దానికి నేను ఎవరినీ తప్పుపట్టను. తప్పు చదివినప్పుడు మనిషి ఎక్కడికి వెళ్లాలో ముందే రాసి పెట్టకపోవడం ప్రణాళికలో లోపం. ఎవరో ఒక గుమాస్తాను అడిగి ఉంటే చెప్పేది.

సమాచారం సంగతి కూడా అంతే. 2019లో మీ శాఖ వాహనాల, లైసెన్సుల సమాచారాన్ని మూకుమ్మడిగా అమ్మే విధానం తెచ్చింది, కంపెనీలకు ఏడాదికి మూడు కోట్ల రూపాయల ధర పెట్టింది. వ్యక్తుల గోప్యత గురించి ప్రశ్నలు వచ్చాక 2020లో దాన్ని ఉపసంహరించుకున్నారు. ఉపసంహరించుకున్నందుకు ధన్యవాదాలు. ముందే అడిగి ఉంటే అసలు ఆ మాటే వచ్చేది కాదు. ఇప్పుడు ఫాస్టాగ్‌తో, ట్రాకింగ్‌తో, కెమెరాలతో ప్రతి బండి ఎప్పుడు ఎక్కడుందో తెలిసిపోతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఒక మంచి పని చేసింది. సమాచారం తీసుకునే నోటీసును మనిషి కోరుకుంటే ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోనైనా చూసుకునే వీలుండాలంది. అంటే అది పూర్తిగా అమలైతే ఒక చిన్న యాప్ కంపెనీ కూడా నాకు తెలుగులో చెప్పాలి. జాతీయ రహదారి చెప్పకపోతే ఎలా?

2025 ఏప్రిల్‌లో జరిగింది గుర్తుండే ఉంటుంది. మే 1 నుంచి ఫాస్టాగ్ రద్దు, శాటిలైట్ టోల్ వస్తోందని వాట్సాప్ నిండా వార్తలు. మా డ్రైవర్లు రీఛార్జ్ చేయాలా వద్దా అని వరసగా ఫోన్లు. అలాంటి నిర్ణయమేదీ లేదని మీ శాఖ వివరణ ఇచ్చేదాకా నేను ఎవరికీ గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. ప్రణాళిక జనం మధ్య జరిగి ఉంటే ఆ పుకారు పుట్టేదే కాదు.

అమెరికాలో ఈ స్మార్ట్ రోడ్ల పని 1990ల్లోనే మొదలైంది. బండ్లు మాట్లాడుకోవడానికి 1999లో 75 మెగాహెర్ట్‌జ్ తరంగాలు కేటాయించి, ఇరవై ఏళ్లకు పైగా గడిచినా ఆ పద్ధతి పెద్దగా వాడుకలోకి రాక, 2020లో దాన్ని 30కి కుదించారు. డబ్బూ చదువూ ఉన్నచోట కూడా ముందు అనుకున్నది తప్పవచ్చు. కానీ అక్కడ ఒక పద్ధతి ఉంది. నియమం ముసాయిదా మీద వచ్చిన అభిప్రాయాలు అందరికీ కనిపించేలా పెడతారు, తుది నియమంతో పాటు ముఖ్యమైన అభ్యంతరాలకు జవాబు రాయాలి. బండ్లు మాట్లాడుకునే ఏర్పాటు మీద 2024లో విడుదల చేసిన జాతీయ ప్రణాళికను కూడా 2023లోనే ముసాయిదాగా జనం ముందు పెట్టారు. మన రవాణా భవన్‌కు పంపిన ఉత్తరానికి ఏ జవాబు వచ్చిందో పంపినవాడికే తెలియని పరిస్థితి మారాలి.

నేను కోరేది ఇది. స్మార్ట్ రోడ్డు, స్మార్ట్ వాహనం గురించి పెద్ద నిర్ణయం ఏది చేసినా, టెండర్ పిలవకముందే, రోడ్డు వెళ్లే ప్రతి జిల్లాలో ఒక బహిరంగ విచారణ పెట్టండి. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదనుకుంటాను. జిల్లా రోడ్డు భద్రతా కమిటీలు ఇప్పటికే ఉన్నాయి, వాటి ద్వారానే పెట్టవచ్చు. ముసాయిదా సారాంశం నాలుగు పేజీల్లో తెలుగులో టోల్ గేట్ల దగ్గర, బంకుల్లో, యార్డులో, నెహ్రూ బస్‌స్టేషన్‌లో ఉంచండి. రాయలేనివాళ్లు నోటితో చెబితే రాసుకునే మనిషిని పెట్టండి. గడువు 30 రోజులు మాకు చాలదు. మా డ్రైవర్ ఒకసారి ఈశాన్యానికి వెళ్తే తిరిగి రావడానికే పాతిక రోజులు పడుతుంది, అరవై రోజులు ఇవ్వండి. పరికరాన్ని ముందు ఒక రోడ్డు మీద ఆరు నెలలు పరీక్షించి, ఎక్కడెక్కడ తప్పిందో ఆ లెక్క బయటపెట్టండి. పర్యావరణ విచారణలో చేసినట్టే, ఎవరేమన్నారో సభలోనే తెలుగులో చదివి వినిపించండి. ఏ మాట ఒప్పుకున్నారో, ఏది ఒప్పుకోలేదో, ఎందుకో అచ్చువేయండి. మా మాటల్లో తప్పులుంటాయి, కొన్ని కుదరనివి ఉంటాయి. కుదరదని కారణం చెబితే అర్థం చేసుకోలేనంత చిన్నవాళ్లం కాదు.

మా రాష్ట్ర రవాణా శాఖ అధికారులకు, ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు జిల్లాల కలెక్టర్ గార్లకు ఒక మనవి. ఢిల్లీ నుంచి మాట వచ్చేదాకా ఆగకండి. అమరావతి చుట్టూ రింగు రోడ్డు రాబోతోంది, అక్కడ భూమి గురించి ఎలాగూ మాట్లాడుతున్నారు. ఆ రోడ్డు మీద రాబోయే టెక్నాలజీ గురించి కూడా అదే సభలో అరగంట మాట్లాడించండి.

ఏటా వేసవిలో గుంటూరు యార్డుకు సెలవులిస్తారు. ఆ నెలలో లోడ్లు తగ్గుతాయి, డ్రైవర్లు ఎక్కువమంది ఊళ్లో ఉంటారు. అప్పుడు రండి, సాయంత్రం ఆరు దాటాక పెట్టుకుందాం, ఎండ తగ్గుతుంది. మా ఆఫీసు వెనక షెడ్డులో రెండు వందల మంది కూర్చోవచ్చు, బల్లలు మేము వేస్తాం. అద్దాలు బిగించే కుర్రవాళ్లను, మెకానిక్‌లను, కైకలూరు చేపల వ్యాపారులను నేను పిలుస్తాను. ఐతవరం నుంచి ఇద్దరు రైతులను, కోతలకు వెళ్లే ఆడవాళ్లను కొందరిని తీసుకురావడానికి మా ఓనర్ గారు బండి ఇస్తామన్నారు. బాబాయ్ మాత్రం ముందు వరసలో కూర్చుంటానని ఇప్పుడే చెప్పాడు. తేదీ చెప్పండి.

ఇట్లు,
లారీ బుకింగ్ ఆఫీసులో లెక్కలు రాసే ఒక ఉద్యోగిని,
ఆటోనగర్, విజయవాడ